మూజువాణి ఓటుకు ముఖాలుండవు

(శాసనసభ పనితీరు, రాష్ట్ర ఏర్పాటుపై ఇల్లందులో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినవాళ్లు "శాసనసభలో చట్టం ఎట్ల తయారవుతదో చెప్పండి సార్" అన్నారు. పుస్తకంలో ఉన్నదే చెప్పమంటే మీరే చదువుకోగలరు, నేను రావాల్సిన పని లేదు. కానీ పోయిన వారం ఒక డిగ్రీ పిల్లగాడు నన్నో ప్రశ్న అడిగిండు. "సార్, తెలంగాణ వద్దని అసెంబ్లీ తీర్మానం చేసిందంట గదా, మరి రాష్ట్రం ఎట్ల వచ్చింది? దొడ్డిదారిన వచ్చిందా?" అన్నడు. ఆ పిల్లగాని తండ్రి సకల జనుల సమ్మెలో జీతం పోగొట్టుకున్న మనిషి. ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఎక్కడో సెల్‌ఫోన్‌లో చూసి అడిగిండు. తప్పు వానిది కాదు. ఆనాడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లలు ఇప్పుడు డిగ్రీలో ఉన్నారు. ఏ రోజు ఏం జరిగిందో చెప్పాల్సిన బాధ్యత మనది. అందుకే ఒక్క రోజు గురించి చెప్త. 2014 జనవరి 30. దాని మీదుగా ముందుకూ వెనక్కూ పోదాం.

ముందుగా, మామూలు రోజు ఎట్లుంటదో రెండు మాటలు. పొద్దున ప్రశ్నోత్తరాలు. తర్వాత జీరో అవర్. వాయిదా తీర్మానాలు, వాటి మీద కొట్లాట. ఆ తర్వాత బిల్లు. మంత్రి లేచి బిల్లును ప్రవేశపెట్టడానికి సభ అనుమతి కోరుతడు. చర్చ అయినాక క్లాజుల వారీగా సవరణలుంటయ్. స్పీకర్ ప్రశ్న చదువుతడు, ఔనన్నవాళ్లు ఔననాలి, కాదన్నవాళ్లు కాదనాలి. ఏ గొంతు పెద్దగుంటే అదే సభ నిర్ణయం. దీన్నే మూజువాణి ఓటు అంటారు. సభ ఒప్పుకున్నంక గవర్నర్ సంతకం, ఆ తర్వాత గెజిట్. చెప్పుకోవడానికి ఇంత ఉంది గానీ, గొడవ మధ్యల బిల్లులు నిమిషాల్లో దాటిపోయిన రోజులు ఎన్నో ఉన్నయి. బడ్జెట్ సమావేశాల ఆఖరి రోజు చూడండి. చర్చకు రాని శాఖల పద్దులన్నీ కలిపి గిలటిన్ చేసి ఒక్క దెబ్బకు ఆమోదిస్తారు. ఏ శాఖకు ఎన్ని కోట్లు పోయినయో చేతులెత్తినవాళ్లందరికీ తెలుసనుకోవద్దు.

మాట్లాడే టైం కూడా బలాన్ని బట్టే. పెద్ద పార్టీకి గంటలు, ఒక్క సభ్యుడున్న పార్టీకి నిమిషాలు. మన ఇల్లందుకు ఈ ముచ్చట కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఐదుసార్లు ఇక్కడి నుంచి గెలిచి, ఆర్టీసీ బస్సులో హైదరాబాద్ పోయి వచ్చిన గుమ్మడి నర్సయ్యను చూసిన ఊరిది. చిన్న పార్టీ నుంచి పోయిన మనిషి ఆ కొద్ది నిమిషాల కోసం ఎంత కాచుకోవాల్నో మనకు తెలుసు.

సరే, జనవరి 30కి వద్దాం.

అది చట్టం చేసే రోజు కాదు

ఇది మొదట తలకెక్కించుకోవాల్సిన మాట. ఆ రోజు అసెంబ్లీ ముందున్నది అసెంబ్లీ చేసే చట్టం కాదు. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు పార్లమెంటుది. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం కొత్త రాష్ట్రం ఏర్పాటు చేసే అధికారం పార్లమెంటుకే ఉంది. అయితే బిల్లును పార్లమెంటులో పెట్టేముందు రాష్ట్రపతి దాన్ని సంబంధిత రాష్ట్ర శాసనసభకు పంపి అభిప్రాయం అడగాలి. అడిగేది అభిప్రాయం, అనుమతి కాదు. ఈ రెండు మాటల నడుమ ఉన్న తేడాను కప్పిపెట్టడానికే ఆరోజుల్లో టీవీల ముందు గంటలకు గంటలు చర్చలు నడిచినయి.

ఆ అధికరణానికి ఒక గడువు కూడా ఉంది. "ఇన్ని రోజుల్లోపల చెప్పండి" అని రాష్ట్రపతి గడువు పెట్టొచ్చు. ఇది మొదట్లో లేదు. 1955లో ఐదో రాజ్యాంగ సవరణతో వచ్చింది. ఎందుకొచ్చింది? అభిప్రాయం చెప్పకుండా రాష్ట్రాలు ఏళ్లకేళ్లు నానబెడితే రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణే ఆగిపోతదని. అంటే ఇట్లాంటి ఆట ఆడేవాళ్లుంటారని అప్పటోళ్లకు ముందే తెలుసు.

మరి అసెంబ్లీ వద్దంటే? దీనికి సుప్రీంకోర్టు ఎప్పుడో జవాబు చెప్పింది. బాబూలాల్ పరాటే కేసు. 1956లో బొంబాయి రాష్ట్రాన్ని మూడు ముక్కలుగా చేస్తామని బిల్లు పంపారు. మహారాష్ట్ర, గుజరాత్, బొంబాయి నగరం వేర్వేరుగా. అసెంబ్లీ దానిమీద అభిప్రాయం చెప్పింది. పార్లమెంటుకు పోయినంక మూడూ కలిపి ఒకే పెద్ద ద్విభాషా రాష్ట్రం చేశారు. మమ్మల్ని మళ్లా అడగలేదని కోర్టుకు పోతే, 1959లో సుప్రీంకోర్టు ఏమన్నది? శాసనసభ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడాల్సిన పని లేదు, బిల్లు మారినప్పుడల్లా మళ్లీ మళ్లీ పంపాల్సిన పనీ లేదు అన్నది. ఈ తీర్పును గుర్తుపెట్టుకోండి. రెండు అంచులున్న కత్తి అది. ఒక అంచు మనకు పనికొచ్చింది. రెండో అంచు మన భద్రాచలం పక్కనే తెగ్గొట్టింది. దాని గురించి తర్వాత చెప్త.

1955లో ఏమన్నారు?

అసెంబ్లీ అభిప్రాయం అన్న మాట మన చరిత్రలో 2014లో మొదలు కాలేదు. 1955లో ఫజల్ అలీ కమిషన్ నివేదిక వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రాన్ని అప్పటికి విడిగానే ఉంచండి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత ఆ శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో ఒప్పుకుంటే అప్పుడు ఆంధ్రతో కలపండి అని రాసింది. చూసిన్రా, ఎంత పద్ధతిగా చెప్పిందో! ఎన్నికలు జరగాలి, జనం దీని మీద ఓటెయ్యాలి, కొత్త సభ మూడింట రెండొంతులతో ఒప్పుకోవాలి. ఆ రోజు రానేలేదు. 1956 నవంబర్ 1నే కలిపేశారు.

అయితే ఇక్కడొక చేదు ముచ్చట దాచకుండా చెప్పాలి. ఆ కమిషన్ నివేదిక మీద 1955 చివర్లో హైదరాబాద్ శాసనసభ చర్చించింది. 147 మంది అభిప్రాయం చెప్పారు. 103 మంది విలీనం కావాలన్నారు, 29 మంది వద్దన్నారు, 15 మంది ఎటూ చెప్పలేదు. "అందులో మరాఠీ, కన్నడ సభ్యులున్నారు గదా, వాళ్లకేం పట్టింది మన సంగతి" అని మనం అంటుంటం. అది నిజమే. కానీ తెలంగాణ సభ్యుల్ని మాత్రమే లెక్కేసినా 59 మంది విశాలాంధ్ర వైపు, 25 మంది ప్రత్యేక రాష్ట్రం వైపు. ఎందుకట్ల? అప్పుడు తెలంగాణలో కమ్యూనిస్టులు బలంగా ఉన్నారు. విశాలాంధ్ర వాళ్ల నినాదం. నల్లగొండ, వరంగల్, ఖమ్మం వాళ్ల కోటలు. అంటే ఈ ఎర్రమట్టి, ఎర్రజెండా నేలే. భూమి కోసం ప్రాణాలిచ్చిన మనుషులు భాష ఒక్కటైతే బతుకు ఒక్కటైతదని నమ్మారు. నమ్మినందుకు వాళ్లను తిట్టిపోసే పని నేను చెయ్య. కానీ 1955లో సభ చెప్పిందాన్ని పవిత్రమని, 2014లో సభ చెప్పిందాన్ని చెల్లదని మనం అంటే, లేకపోతే ఇటుది అటు చేసి ఇంకొకరంటే, రెండూ నిలబడవు. ఆనాటి అభిప్రాయం కూడా అభిప్రాయమే. ఆ అభిప్రాయానికి జోడీగా పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. అది ఏమైందో 1969లో మన పక్కనే పాల్వంచ థర్మల్ స్టేషన్ గేటు ముందు తేలింది. ఖమ్మంలో విద్యార్థి నిరాహార దీక్షకు కూర్చుంటే మంటలు అంటుకున్నయి. అంతకు ముందే మన గేట్ కారేపల్లి, ఇల్లందు ప్రాంతంలో కొలిశెట్టి రామదాసు లాంటివాళ్లు రక్షణల కోసం ఊరూరూ తిరిగారు. ఉద్యోగులున్నారు గనుక వేరే చెప్పనక్కర లేదు. ముల్కీ నుంచి 610 జీవో దాకా మీ సర్వీసు పుస్తకాల్లోనే ఉంది ఆ కథంతా.

ఆ రోజు

2013 జులై 30న కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ తీర్మానం. అక్టోబర్ 3న కేంద్ర మంత్రివర్గం నిర్ణయం. డిసెంబర్ 5న బిల్లుకు ఆమోదం. డిసెంబర్ 16న బిల్లు అసెంబ్లీ ముందుకొచ్చింది. వచ్చిన రోజే సీమాంధ్ర సభ్యులు ప్రతులు చింపారు, కాల్చారు. చర్చ మొదలైందా కాలేదా అన్నదాని మీదే రోజులు గడిచినయి. ఇట్లాంటి చర్చ ఎక్కడన్నా చూసిన్రా? చర్చ మొదలైందని ఒక వర్గం, కాలేదని ఇంకో వర్గం.

ఆ ఏడాది ఆఖరి రోజున శాసనసభ వ్యవహారాల శాఖను శ్రీధర్‌బాబు నుంచి తీసేసి శైలజానాథ్‌కు ఇచ్చారు. అంటే సభలో బిల్లు నడిపే కళ్లెం తెలంగాణ మంత్రి చేతిలోంచి సీమాంధ్ర మంత్రి చేతికి పోయింది. శ్రీధర్‌బాబు రాజీనామా చేశారు. ఇది చిన్న విషయం అనుకుంటారు చాలామంది. శాసనసభలో ఏ రోజు ఏ పని ముందుకు రావాలో, ఏ పని వెనక్కి పోవాలో చూసే కుర్చీ అది. చట్టం ఎట్ల తయారవుతదని అడిగినోళ్లు ముందు ఆ కుర్చీని చూడాలి.

రాష్ట్రపతి ఇచ్చిన గడువు జనవరి 23. ఇంకా టైం కావాలని రాష్ట్ర ప్రభుత్వం అడిగింది. రాష్ట్రపతి ఒక వారం పెంచారు. జనవరి 30 దాకా. ఈలోపల ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి 77వ నిబంధన కింద నోటీసు ఇచ్చారు. బిల్లును తిరస్కరిస్తూ, దీన్ని పార్లమెంటుకు సిఫారసు చేయవద్దని రాష్ట్రపతిని కోరుతూ సభ తీర్మానం చేయాలని. ఇందులోని మతలబు చూడండి. బిల్లు తెచ్చింది కేంద్రంలో కాంగ్రెస్ ప్రభుత్వం. తిరస్కరించమన్నది రాష్ట్రంలో కాంగ్రెస్ ముఖ్యమంత్రి. "మంత్రివర్గం నిర్ణయం లేకుండా ప్రభుత్వ తీర్మానం ఎట్ల పెడతారు?" అని తెలంగాణ మంత్రులే అడిగారు. మంచి ప్రశ్న. జవాబు రాలేదు.

జనవరి 30 గాంధీ వర్ధంతి. బస్టాండ్ దగ్గర హోటల్లో టీవీ ముందు నిలబడి చూసినం. ఒక పక్క ఫస్ట్ షిఫ్టు దిగినవాళ్లు, ఒక పక్క బస్సు కోసం ఆగినవాళ్లు. సభ మొదలుకాగానే తెలంగాణ సభ్యులు పోడియం దగ్గరికి పోయారు. వాయిదా. మళ్లీ మొదలు, మళ్లీ గొడవ. స్పీకర్ నాదెండ్ల మనోహర్ లేచి లెక్కలు చదివారు. ఎనభై మందికి పైగా సభ్యులు మాట్లాడారు, మిగతావాళ్లు రాతపూర్వకంగా ఇచ్చారు, 9,072 సవరణలు వచ్చినయి, అన్నీ రాష్ట్రపతికి పంపుతం అన్నారు. ఆ వెంటనే తీర్మానం. ఔనన్నవాళ్లు, కాదన్నవాళ్లు. గొంతులు. అయిపోయింది. సభ నిరవధిక వాయిదా. శాసన మండలిలోనూ అదే రోజు అదే తంతు, అదే మూజువాణి.

హోటల్లో ఒక నిమిషం ఎవరూ మాట్లాడలే. అప్పుడు ఒక పెద్దాయన, బాయి పని చేసి రిటైరైన మనిషి, గ్లాసు కింద పెట్టి "ఎంతమంది ఔనన్నరు, ఎంతమంది కాదన్నరు?" అని అడిగిండు. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఉండదు కూడా. మూజువాణి ఓటులో పేర్లు రాయరు, తలలు లెక్కపెట్టరు.

పేర్లు రాసే పద్ధతి లేక కాదు. డివిజన్ అడగొచ్చు. గంట మోగిస్తారు, తలుపులు మూస్తారు, ఔనన్నవాళ్లనూ కాదన్నవాళ్లనూ విడివిడిగా లెక్కిస్తారు. ఎవరు ఎటున్నారో రికార్డుకెక్కుతది. 294 మందిలో మనవాళ్లు 119, వాళ్లు 175. డివిజన్ పెట్టినా లెక్క ఎటు పోతదో చిన్నపిల్లలకూ తెలుసు. మరి సీమాంధ్ర నాయకులు ఆ గెలుపును అంకెల్లో ఎందుకు రాయించుకోలేదు? నా లెక్కలో కారణం ఒక్కటే. పేర్లు రాస్తే ప్రతి పార్టీ నడిమికి చీలినట్టు బయటపడతది. కాంగ్రెస్ వాళ్లు ఇటు సగం, అటు సగం. తెలుగుదేశం వాళ్లదీ అదే కథ. రెండు కళ్ల సిద్ధాంతం చెప్పిన పార్టీకి, ఒక కన్ను ఔనని ఇంకో కన్ను కాదని రికార్డులో పడితే ఎట్లుంటది? మనవాళ్లకు కూడా, "ఇది ఓటు పెట్టే విషయమే కాదు, అభిప్రాయమే" అన్న వాదన ఉంది గనుక ఓటింగ్‌లో దిగడం ఇష్టం లేదు. అందరికీ మూజువాణే మేలైంది. గొడవలో గొంతు ఎవరిదో ఎవరికీ దొరకదు.

అటు సంబరాలు చేసుకున్నారు, బిల్లు ఓడింది అన్నారు. ఆ 9,072 సవరణలను ఒక్కసారి ఊహించుకోండి. అంత గుట్టలో ఉద్యోగుల పంపిణీ గురించి, నీళ్ల గురించి, సింగరేణి గురించి, ముంపు గ్రామాల గురించి నిజంగా పనికొచ్చే సవరణ ఒక్కటి ఉన్నా దాని గురించి సభలో ఎవరూ కూర్చొని మాట్లాడలేదు. రెండు రాష్ట్రాల పంపకాల మీద ఒక్కో క్లాజు తీసుకొని చర్చించే అవకాశం నలభై రోజులకు పైగా చేతిలో ఉండె. ఆపుతం అన్నోళ్లు ఆపలేకపోయారు, వాళ్ల జనానికి కావాల్సింది రాయించుకోనూలేదు. తొమ్మిదో షెడ్యూల్, పదో షెడ్యూల్ సంస్థల పంచాయితీ తర్వాత ఏళ్లకేళ్లు సాగింది గదా, దాని విత్తనం ఆ నలభై రోజుల్లోనే పడింది.

ఢిల్లీలో కూడా

ఇప్పుడు మనకు ఇబ్బంది కలిగించే మాట. ఫిబ్రవరి 13న లోక్‌సభలో బిల్లు పెట్టినప్పుడు విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే చల్లారు. ఫిబ్రవరి 18న లోక్‌సభ బిల్లును ఆమోదించింది. ఎట్ల? మూజువాణి ఓటుతో. టీవీ ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపం అన్నారు. ఫిబ్రవరి 20న రాజ్యసభ. మార్చి 1న రాష్ట్రపతి సంతకం. జూన్ 2న రాష్ట్రం.

జనవరి 30న ముఖాలు లేని ఓటును మనం తప్పుపట్టినం. ఫిబ్రవరి 18న అదే ఓటుకు టపాకులు కాల్చినం. నేనూ కాల్చిన, అబద్ధమెందుకు. ఆ సంతోషం నాకు ఇప్పటికీ తప్పనిపించదు. లోక్‌సభలో అధికారపక్షం, ప్రధాన ప్రతిపక్షం రెండూ బిల్లు వైపున్నయి. లెక్కించినా గెలిచేదే. కానీ లెక్కించి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ టీవీ ఆగిపోయిన ముచ్చట మనల్ని వదలలేదు. 2022 ఫిబ్రవరిలో సాక్షాత్తూ ప్రధానమంత్రి రాజ్యసభలో నిలబడి విభజన జరిగిన తీరును తప్పుపట్టారు. ఊరూరా నిరసనలు జరిగినయి. పేర్లతో, అంకెలతో రికార్డు ఉండి ఉంటే ఆ పుస్తకం తెరిచి చూపించేవాళ్లం. నన్ను అడిగిన పిల్లగానికి కూడా అదే చూపెట్టేవాణ్ని.

వానికి నేనిచ్చిన జవాబు ఇది. దొడ్డిదారి కాదు బిడ్డా. మూడో అధికరణం దారి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఆ దారిలోనే వచ్చింది. 1960లో మహారాష్ట్ర, గుజరాత్ ఆ దారిలోనే వచ్చినయి. 2000లో ఛత్తీస్‌గఢ్, ఉత్తరాఖండ్, జార్ఖండ్ ఆ దారిలోనే వచ్చినయి. కాకపోతే ఆ మూడింటికి అక్కడి అసెంబ్లీలు ఒప్పుకున్నయి. మనకు ఒప్పుకోలేదు. ఒప్పుకోని సభ నుంచి బయటపడే తొవ్వ రాజ్యాంగంలో లేకపోతే, మైనారిటీలో ఉన్న ఏ ప్రాంతమూ ఎన్నటికీ బయటపడదు. 119 ఎప్పుడు 175 కావాలి?

రెండో అంచు

ఇక కత్తి రెండో అంచు. ఇది మన పక్కనే జరిగింది గనుక కొంచెం నిదానంగా చెప్త.

ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఆంధ్రప్రదేశ్ కోసం ఆరు హామీలు చదివారు. ప్రత్యేక హోదా ఒక్కటే అందరికీ గుర్తుంది. ఇంకొకటుంది. పోలవరం నిర్వాసితుల పునరావాసం సజావుగా సాగడానికి ఇంకేమైనా సవరణలు అవసరమైతే త్వరగా చేస్తం అన్నారు. మనం ఆ రోజు పండుగలో ఉన్నం, ఆ వాక్యం వినలే. అసలు చట్టంలోనే 2005 నాటి 111 జీవోలోని ముంపు గ్రామాలను తెలంగాణ నుంచి తీసేశారు. మే 26న కొత్త కేంద్ర ప్రభుత్వం ప్రమాణం చేసింది. మూడు రోజుల్లో, మే 29న, ఆర్డినెన్స్. ముంపు గ్రామాలు కాదు, మండలాలకు మండలాలే పోయినయి. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు పూర్తిగా. భద్రాచలం మండలంలో పట్టణం తప్ప మిగతాదంతా. బూర్గంపాడులో కొన్ని గ్రామాలు. ఆ రోజు తెలంగాణ బంద్. రాష్ట్రం పుట్టడానికి ఇంకా నాలుగు రోజులుంది.

జులైలో ఆర్డినెన్స్ చట్టమైంది. 11న లోక్‌సభ, 14న రాజ్యసభ. లోక్‌సభలో మళ్లీ మూజువాణి. కొత్త తెలంగాణ శాసనసభ తన తొలి సమావేశాల్లోనే దీన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. సరిహద్దు మార్చేటప్పుడు మా సభను అడగాలి గదా అని మనవాళ్లు వాదించారు. జవాబు మీకు తెలుసు. అభిప్రాయానికి కట్టుబడక్కర లేదు, మళ్లీ మళ్లీ అడగక్కర లేదు. జనవరి 30 తర్వాత మనం ఏ తీర్పును తలమీద పెట్టుకున్నమో, అదే తీర్పు.

"అవి ఒకప్పుడు ఆంధ్రవే గదా" అంటారు. భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి నుంచి 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చింది, నిజమే. కానీ గోదావరికి ఇవతలి ఒడ్డున ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడు? అవి నిజాం రాష్ట్రపు ఊళ్లు. ఆ వాదన నది దాటి ఇవతలికి రాదు. అసలు ఈ రెండు వాదనల్లోనూ కోయవాడు, కొండరెడ్డి ఎక్కడున్నడు? ఏ రాష్ట్రంలో ఉంటవని వాన్ని అడిగిన సభ ఒక్కటి చూపించండి. ఐదో షెడ్యూల్ ప్రాంతమది. గ్రామసభకు అధికారమిచ్చే పెసా చట్టం 1996 నుంచి ఉంది. రాష్ట్ర చట్టం 1998లో చేసి, నియమాలు 2011లో రాశారు. సరిహద్దు గీత గీసేటప్పుడు అవేవీ ఎవరికీ గుర్తు రాలే.

ఒక్క మనిషిని చూస్తే ఇదంతా అర్థమైతది. 2014 ఏప్రిల్ 30న ఓట్లయినయి. భద్రాచలం నుంచి సున్నం రాజయ్య గెలిచారు. తెలంగాణ అసెంబ్లీలో సీపీఎంకు ఒకే ఒక్క సభ్యుడు. ఆయన సొంత ఊరు సున్నంవారిగూడెం, వరరామచంద్రాపురం మండలం. గెలిచిన నెల తిరగకుండానే ఆయన ఊరు పక్క రాష్ట్రంలోకి పోయింది. తెలంగాణ శాసనసభ్యుడు, ఇల్లు ఆంధ్రలో. ఆయనకు ఓటేసిన వేలమందిదీ అదే స్థితి. వాళ్లకు చట్టం చేసే సభ ఒకటి, వాళ్లు ఓటేసి పంపిన మనిషి కూర్చున్న సభ ఇంకోటి. 2019 ఎన్నికల్లో రంపచోడవరం, పోలవరం నియోజకవర్గాల్లో ఓటేసేదాకా అట్లనే ఉన్నారు. రాజయ్య 2020లో కరోనాతో పోయారు.

భద్రాచలం పట్టణం సంగతి మీరు చూస్తూనే ఉన్నారు. రాముడి గుడి ఇక్కడ, గుడి భూములున్న పురుషోత్తపట్నం అక్కడ. 2022 జులైలో గోదావరి 71 అడుగులు దాటింది. పట్టణంలోకి నీళ్లొస్తుంటే చుట్టూ ఉన్న ఎటపాక, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, పురుషోత్తపట్నం ఇంకో రాష్ట్రం. ఆ ఐదు పంచాయతీలను వెనక్కియ్యమని అప్పుడు మళ్లీ అడిగారు. ఇవ్వాలన్నా, ఇవ్వనన్నా నిర్ణయం మళ్లీ పార్లమెంటుదే. అదే మూడో అధికరణం.

మన నేల చట్టం

ఉద్యోగ మిత్రులు "ఏజెన్సీ సంగతి కూడా చెప్పండి" అని చీటీ పంపారు. టైం తక్కువుంది, క్లుప్తంగా చెప్త.

ఈ ప్రాంతంలో భూమిని కాపాడే చట్టం ఏది? అందరూ 1/70 అంటారు. అది అసెంబ్లీ చేసిన చట్టం కాదు. ఐదో షెడ్యూల్ కింద గవర్నర్ చేసిన రెగ్యులేషన్. 1959లో మొదటిది ఆంధ్ర ఏజెన్సీకి చేశారు. 1963లో తెలంగాణ ఏజెన్సీకి వర్తింపజేశారు. 1970లో దాన్ని గట్టిగా సవరించారు. గిరిజనేతరుల మధ్య కూడా భూమి చేతులు మారకూడదని వచ్చింది అప్పుడే. దాని వెనక శ్రీకాకుళం, ఖమ్మం, వరంగల్ అడవుల్లో పారిన నెత్తురుంది. అసెంబ్లీలో పెట్టి ఓటేయమంటే ఆ రోజుల్లో ఆ సభ ఒప్పుకునేదా? నాకైతే అనుమానమే. భూమి ఉన్నోళ్లే ఎక్కువమంది కూర్చున్న సభ అది. కొన్నిసార్లు సభ దాకా పోకపోవడమే పేదోనికి మేలు చేసింది. నేను అసెంబ్లీ గొప్పతనం గురించి ఇంతసేపు చెప్పి ఇట్ల అంటున్ననేందని అనుకోవద్దు. ఉన్నదే చెప్తున్న.

కానీ ఆ కలం పోటుకు కూడా హద్దుంది. 2000 జనవరిలో 3వ నంబర్ జీవో వచ్చింది. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇరవై ఏళ్లు నడిచింది ఒక్క తీర్పుతో పోయింది. ఇక్కడ బీఈడీ చదువుతున్న కోయ, లంబాడా పిల్లలున్నారు. మీ ఉద్యోగం అసెంబ్లీలో తయారైతదా, గవర్నర్ టేబుల్ మీద తయారైతదా, కోర్టులో పోతదా అన్నది మీరు పరీక్ష కోసం చదువుకునే పాఠం కాదు. గిరిజన సలహా మండలి అని ఒకటుంది. ఐదో షెడ్యూల్ కింద అట్లాంటి రెగ్యులేషన్ చెయ్యాలంటే గవర్నర్ ముందుగా ఆ మండలిని సంప్రదించాలి. అది ఏడాదికి ఎన్నిసార్లు కూర్చుంటున్నదో మీ ఎమ్మెల్యేను అడగండి. మన నియోజకవర్గం గిరిజన రిజర్వుడు. అడిగే హక్కుంది.

ఇంకో పని కూడా ఉంది. శాసనసభలో మాట్లాడిన ప్రతి మాటా అచ్చవుతది. ఆ సంపుటాలు చదవడానికి విసుగ్గా ఉంటయ్, ముందే చెప్తున్న. అంతరాయం, అంతరాయం అని పేజీలకు పేజీలుంటది. అయినా చదవండి. మీ ఊరి పేరు ఎక్కడన్నా వచ్చిందేమో వెతకండి. సింగరేణి పేరు, ఇల్లందు పేరు ఎవరెత్తారో, ఎవరెత్తలేదో చూడండి. బాయిలు మొదలైంది ఇక్కడే, 1889లో. కంపెనీ పేరుకు కారణమైన సింగరేణి మన పక్క ఊరే. దాని గురించి మనవాళ్లు ఏమడిగారో మనకే తెలియకపోతే ఎట్ల?

వెనక కూర్చున్న చెల్లె ఒకామె చెయ్యెత్తింది. చూసిన. ఆమెది కుక్కునూరు దగ్గర పల్లె, ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుతున్నదని చెప్పారు. "మా ఊరు మళ్లీ తెలంగాణలోకి వస్తదా సార్?" అని రాసి పంపింది. అమ్మా, రావాలంటే పార్లమెంటులో ఒక బిల్లు పెట్టాలి. దాన్ని రాష్ట్రపతి రెండు శాసనసభలకూ పంపి అభిప్రాయం అడగాలి. ఒక సభ ఔనంటది, ఇంకో సభ కాదంటది. తర్వాత ఢిల్లీలో ఔనన్నవాళ్లు, కాదన్నవాళ్లు అంటారు. అది జరుగుతదో లేదో నేను చెప్పలేను. జరిగే రోజంటూ వస్తే, డివిజన్ అడగమని మన ఎంపీలకు చెప్పే పని మాత్రం మనమిప్పుడే చెయ్యొచ్చు. ముందుగా మీ గ్రామసభలో పెట్టించి, ఎవరు ఎటన్నారో పేర్లతో రాయించు. సంతకాలు తీసుకో. ఆ కాగితం ఒక జిరాక్సు నాకు కూడా పంపు.

జై తెలంగాణ!